కడుపు క్యాన్సర్‌కు చైనా మూలికల కషాయం: నేను అక్కడ చూసినది

మీ నాన్నగారికి కడుపు క్యాన్సర్ రెండో దశలో ఉందని తేలిందనీ, ఆపరేషన్, కీమో లేకుండా చైనా మూలికలతోనే నయమవుతుందని బంధువులు అంటున్నారనీ, అది నమ్మదగినదేనా అనీ అడిగారు. నేను చైనాలో ఎంబీబీఎస్ చదివి, ఇంటర్న్‌షిప్‌లో కొంతకాలం జీర్ణకోశ శస్త్రచికిత్స వార్డులో పనిచేశాను. మూలికలు అక్కడ నిత్యం వాడతారు, కానీ మీ బంధువులు చెప్పే విధంగా వాడగా నేను చూడలేదు.

మా హాస్టల్ చూసుకునే పెద్దావిడను అందరం 'ఆయీ' అనేవాళ్లం, అంటే మన పిన్నిగారు అన్నట్టు. ఆమెకు ఇదే జబ్బు వస్తే ముందు కడుపులో ఎక్కువ భాగం తీసేసి, తర్వాత నెలల తరబడి కీమో ఇచ్చారు. ఆ మధ్యలోనే అదే ఆసుపత్రిలోని సంప్రదాయ వైద్య విభాగం డాక్టరు ఆమె నాలుక చూసి, రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్లతో నాడి పట్టి, హువాంగ్‌చీ, బైజు, ఫూలింగ్ అనే చైనా మందు దినుసులు, ఎండిన కమలా తొక్క, మన అతిమధురం జాతికే చెందిన గన్‌సావ్ కలిపి కషాయం రాశారు. మందుల విభాగమే దాన్ని యంత్రంలో కాచి ప్లాస్టిక్ సంచుల్లో మూసి ఇచ్చేది. ఆమె ఉదయం, సాయంత్రం వేడినీళ్ల గిన్నెలో వెచ్చబెట్టుకొని తాగేవారు. కొంత ఆకలి పుట్టిందని ఆమె చెప్పేవారు గాని, వాంతులు తగ్గించే మాత్రలు కూడా వాడుతున్నారు కనుక ఘనతంతా కషాయానికే కట్టబెట్టలేము. ఒకసారి రక్తపరీక్షలో కాలేయం దెబ్బతింటున్న సూచనలు కనిపిస్తే, క్యాన్సర్ డాక్టరు వెంటనే ఆపించినది కషాయాన్నే, కీమోను కాదు.

మూలికల్లో శక్తి లేదని నేను అనను. చైనాలో 'సంతోష వృక్షం' అనే చెట్టు నుంచి 1966లో అమెరికాలో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణి అనే శాస్త్రవేత్తలు క్యాంప్టోథెసిన్ అనే, క్యాన్సర్‌ను అడ్డుకునే పదార్థాన్ని వేరుచేశారు. దాన్ని నేరుగా ఇచ్చిన తొలి ప్రయోగాలు విషప్రభావాల వల్ల ఆగిపోయాయి; రసాయనికంగా మార్చిన ఇరినోటికాన్‌ను మాత్రం ముదిరిన కడుపు క్యాన్సర్‌లో నేడు ఇంజెక్షన్‌గా వాడుతున్నారు. అంటే ఆ చెట్టు బెరడును ఇంట్లో కాచి తాగితే ఆ మందు తయారవదు.

ప్రమాదం ఎక్కువగా ఉండేది పేరులేని పొడుల్లోనే. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే మందులో ఒక చైనా మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క చేరి వందమందికి పైగా మూత్రపిండాలు పాడయ్యాయి, కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్ వచ్చింది. (మన పల్లెల్లో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరు కూడా ఆ జాతిదే.) అతిమధురం ఎక్కువైతే రక్తపోటు పెరిగి పొటాషియం తగ్గుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు డాన్‌షెన్ అనే చైనా మూలిక తీసుకుంటే రక్తస్రావం కావచ్చు.

రెండో దశ అంటే ఆపరేషన్, దానికి ముందూ తర్వాతా కీమోతో పూర్తిగా నయమయ్యే అవకాశం ఇంకా ఉన్న దశ. మూలికల కోసం ఆ చికిత్సను వాయిదా వేస్తే ఆ అవకాశం చేజారవచ్చు. నాన్నగారికి కషాయం మీద మనసుంటే, అందులోని ప్రతి మూలిక పేరూ ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) చూపించి, ఆయన సరేనన్న తర్వాతే మొదలుపెట్టండి. బంధువులు సాయం చేయాలనుకుంటే, ఆపరేషన్ తర్వాత ఆయనకు రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా వండి పెట్టడానికి మనుషులు కావాలి. కడుపు మొత్తం తీసేస్తే జీవితాంతం విటమిన్ బి12 ఇంజెక్షన్లు వేయించడం గుర్తుపెట్టుకునేవారూ ఒకరు కావాలి.