టీషర్టుల ప్రింటింగు పెడతానంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

బెజవాడ నుంచి మామయ్య ఆశీస్సులు. బ్రాడీపేటలో మీ మేడమీది గదిలో టీషర్టుల ప్రింటింగు మొదలుపెడతావనీ, ఏ మిషన్ కొనాలో నన్ను రాయమన్నావనీ మీ అమ్మ చెప్పింది. రాస్తాను గానీ, మిషన్ కంటే ముందు చూసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. ఆర్డరు మీద చేసే సరుకును కొనేవాడు ఒక్కడే. బీసెంట్ రోడ్డులో చొక్కాలమ్మే ఆయనకు ఇవాళ ఒకరు వద్దన్నా రేపు మరొకరు తీసుకుంటారు. ఎవరి పిల్లాడి పేరో, పుట్టినరోజు తేదీతో సహా వేసిన టీషర్టును నువ్వు ఎవరికి అమ్ముతావు? ఇల్లు తుడుచుకోవడానికే!

అందుకని సగం డబ్బు అడ్వాన్సుగా పడాలి, డిజైన్ చూసి ‘ఓకే’ అని వాట్సాప్‌లో రాయాలి. ఈ రెండూ అయ్యాకే మిషన్ వేడి చెయ్యి. ఫోన్లో ‘వేసెయ్యండి, పర్లేదు’ అన్న మాటకు విలువ లేదు. చుట్టాలైతే మరీను. నీ మొహమాటం నాకు తెలుసు. అడ్వాన్సు అడగలేకపోతే ఊరికే వేసి ఇచ్చెయ్, అప్పు మాత్రం పెట్టకు.

ఎక్కువ తగాదాలు సైజు దగ్గర వస్తాయి. ఒక కంపెనీ ‘ఎల్’ ఇంకో కంపెనీ ‘ఎమ్’ అంత ఉంటుంది. వాళ్ళకు సరిపోయే టీషర్టును మంచం మీద పరిచి, చంక నుంచి చంక దాకా టేపు పెట్టి ఇంచుల్లో చెప్పమను. కాలేజీ బ్యాచ్ ఆర్డరైతే పేర్లూ సైజులూ ఒక్కడి చేతే లిస్టు రాయించు. నలభై మంది నలభై మెసేజ్‌లు పెడితే ఏదో ఒకటి తప్పిపోతుంది.

తెలుగు అక్షరాల దగ్గర కళ్ళు పెట్టుకుని చూడు. డీటీపీ వాళ్ళు చాలామంది ఇంకా ‘అను’ అనే పాత రకం ఫాంట్లలోనే కొడతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే వచ్చేవి పిచ్చి గీతలే. యూనికోడ్‌లో కొట్టినా, ఫోటోషాప్‌లో భారతీయ భాషల సెట్టింగు పెట్టకపోతే వత్తులు విడిపోతాయి. కోరల్‌డ్రాలో కర్వ్స్‌గా మార్చాకే, అంటే అక్షరాలను బొమ్మలాంటి గీతలుగా చేశాకే, ఫైలు బయటికి పంపు. మార్చకముందు ఫైలు విడిగా దాచుకో. కర్వ్స్ అయ్యాక అక్షరాన్ని మళ్ళీ టైపు చేసి దిద్దే వీలుండదు.

ఇక మిషన్. సబ్లిమేషన్, అంటే కాగితం మీది రంగును వేడితో బట్టలోకి ఎక్కించడం, చవక. కానీ అది పాలిస్టరుకే, అదీ లేత రంగులకే. కాటన్ మీద వేస్తే ఉతుకులో పోతుంది. స్క్రీన్ ప్రింటింగు నేను ఏళ్ళ తరబడి చేసిన పని. ఒకే రంగులో వంద ముక్కలకు దాన్ని మించింది లేదు. అయితే ప్రతి రంగుకూ విడిగా స్క్రీన్, అంటే జాలీ బట్ట బిగించిన చట్రం, కట్టాలి, ఒక్క టీషర్టు కోసం కడితే మనకే నష్టం. నీకు డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) సరిపోతుంది. బొమ్మను ఫిల్మ్ మీద ప్రింటు చేసి, జిగురు పొడి చల్లి కరిగించి, హీట్ ప్రెస్‌తో బట్ట మీదికి దించుతారు. కాటనైనా పాలిస్టరైనా, తెలుపైనా నలుపైనా పట్టుకుంటుంది.

అలాగని డీటీఎఫ్ ప్రింటరు కొనకు, ఇప్పుడే కాదు. దాంట్లో తెల్ల ఇంకు అడుగున పేరుకుంటుంది, నాలుగు రోజులు వాడకపోతే ఇంకు చిమ్మే హెడ్ మూసుకుపోతుంది. రోజూ ఆర్డర్లుంటేనే అది బతుకుతుంది. మిషన్ ఉన్నవాళ్ళ దగ్గర మీటరు లెక్కన ఫిల్మ్ వేయించుకో. నాలుగైదు డిజైన్లు ఒకే షీటులో ఇరికిస్తే ఖర్చు కలిసొస్తుంది. నువ్వు కొనాల్సింది హీట్ ప్రెస్ ఒక్కటే, పదిహేను ఇంచుల చదరం.

ప్రెస్ వేడి మామూలుగా నూట యాభై డిగ్రీలు, నొక్కి ఉంచేది పదిహేను సెకన్లు. ఫిల్మ్ వేడిగా తీయాలా, చల్లారాక తీయాలా అన్నది ఫిల్మ్ ఇచ్చినవాళ్ళనే అడుగు. తీశాక ఇంకోసారి నొక్కు. వానాకాలం బట్టకు తేమ పడుతుంది గనుక ముందు ఉత్త టీషర్టునే కొన్ని సెకన్లు నొక్కి ఆరనివ్వు. కొత్త ఫిల్మ్ వచ్చిన ప్రతిసారీ ఒకటి వేసి నీ చేత్తో ఉతికి చూడు. తిరగేసి ఉతకమనీ, బొమ్మ మీద ఇస్త్రీ పెట్టొద్దనీ చీటీ పెట్టు. వీధి చివర బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద పడిందంటే ఏ ప్రింటూ నిలవదు.

ప్లెయిన్ టీషర్టులకు తిరుపూరు దాకా పోనక్కర్లేదు. మొదట్లో ఇక్కడ వన్‌టౌన్ హోల్‌సేల్‌లో దొరికినన్ని చాలు. బయోవాష్ కాటన్, 180 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు గ్రాముల్లో) అడుగు. బయోవాష్ అంటే నూగు పోయేలా ఎంజైములతో కడిగినది. ఒక బ్యాచ్‌కు సరిపడా ఒకే లాట్‌లో తీసుకో, రెండు లాట్‌ల నలుపు ఒకటిగా ఉండదు. పదిహేనుకో ప్లెయిన్ ఎక్కువ ఉంచుకో.

వినాయక చవితికి రెండ్రోజుల ముందు కమిటీ కుర్రాళ్ళు వచ్చి అరవై కావాలంటారు. రావని చెప్పు. ఎన్నికలప్పుడు వచ్చే ఆర్డర్లకు మొత్తం డబ్బు ముందే తీసుకో, ఎందుకని అడగకు. హీరోల బొమ్మలు, ఐపీఎల్ జట్ల లోగోలు వేసి అమ్మకానికి పెట్టకు. అందరూ వేస్తున్నారంటావు, కానీ ఆ లోగోలకు సొంతదారులున్నారు, నోటీసు వచ్చేది నీ పేరుమీదే.

ఆ హీట్ ప్రెస్ దాదాపు గీజరంత కరెంటు లాగుతుంది. ఇన్వర్టరు మోయదు, ఎక్స్‌టెన్షన్ బాక్సు కాలిపోతుంది. కొనేముందు మీ మీటరు బోర్డు, ఆ గదిలో స్విచ్‌బోర్డు ఫోటోలు పంపు. పదహారు ఆంప్స్ పాయింటు లేకపోతే ఆదివారం మన ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని గుంటూరు వస్తాను.

మీ మామయ్య