గాల్వెస్టన్ క్రూజ్‌కి రెండేళ్ల పాపతో వెళ్తుంటే స్ట్రోలర్ కావాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: పాపకు రెండేళ్లు నిండాయి, బాగానే నడుస్తుంది. డాలస్ నుంచి కారులో టెక్సస్‌లోనే ఉన్న గాల్వెస్టన్ రేవుకి వెళ్లి ఏడు రాత్రుల వెస్టర్న్ కరీబియన్ క్రూజ్ ఎక్కుతున్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ అమ్మానాన్నలు కూడా వస్తున్నారు. స్ట్రోలర్ (పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి) పనికొస్తుందా, రూమ్‌లో అడ్డమవుతుందా?

తీసుకెళ్లండి. అయితే రోజూ పార్కుకి తోసుకెళ్లే పెద్దది వద్దు. ఒక్క చేత్తో మడవగలిగేది, సీటు బాగా వెనక్కి వాలేది, చిన్నది తీసుకోండి.

చాలామంది దీన్ని నడక లెక్కలో చూస్తారు. పిల్ల నడుస్తుంది కదా, షిప్ మీద ఎంత దూరం ఉంటుందిలే అనుకుంటారు. దూరం తక్కువేం కాదు. గాల్వెస్టన్ నుంచి వెళ్లే రాయల్ కరీబియన్ కంపెనీ ఒయాసిస్ క్లాస్ షిప్‌లు దాదాపు 360 మీటర్ల పొడవుంటాయి. మీ రూమ్ ఒక చివర, భోజనం రెండో చివర పడితే సగం దారిలోనే "ఎత్తుకో" మొదలవుతుంది. అయినా నడక ఒక్కటే సమస్యయితే మీరో మీ నాన్నగారో ఎత్తుకుని గట్టెక్కేస్తారు. నన్నడిగితే అసలు ప్రశ్న నిద్ర.

షిప్ మీద సాయంత్రాలు పెద్దవాళ్ల టైమ్ ప్రకారం నడుస్తాయి. మెయిన్ డైనింగ్ రూమ్‌లో కూర్చుంటే గంట, గంటన్నర పడుతుంది. లేట్ సీటింగ్ (రెండో పంక్తి భోజనం) వచ్చిందంటే తినడం మొదలయ్యేదే ఎనిమిది ప్రాంతంలో. ఆ తర్వాత షో. రెండేళ్ల పిల్ల అప్పటిదాకా మెలకువగా ఉండదు, ఉన్నా మిమ్మల్ని కూర్చోనివ్వదు. స్ట్రోలర్ లేకపోతే ఎవరో ఒకరు పాపతో రూమ్‌కి వెళ్లి, లైట్లు ఆర్పి, ఫోన్ వెలుతురు తగ్గించుకుని కూర్చోవాలి. రూమ్ అంటే ఒకటే గది, పాప పడుకుంటే అందరూ పడుకున్నట్టే. వారం పాటు వంతులేసుకుని ఆ డ్యూటీ చేయడానికి అంత డబ్బు పెట్టి వెళ్లడం దేనికి?

మా బాబుకి ఇంచుమించు మీ పాప వయసున్నప్పుడు అత్తగారు, మామగారితో కలిసి ఇదే రూట్‌లో వెళ్లాం. బయల్దేరే ముందు మా అత్తగారు "ఇంతమందిమి ఉన్నాం, ఒకళ్లం కాకపోతే ఒకళ్లం ఎత్తుకోమా, ఆ బండెందుకమ్మా" అన్నారు. పగలు ఆవిడ మాటే చెల్లింది. రాత్రి షో వదిలాక లిఫ్ట్‌ల దగ్గర జనం గుంపులో నిద్రపోతున్న పిల్లాడిని భుజాన వేసుకుని నిలబడాలంటే మాత్రం ఎవరి మోకాళ్లూ ఒప్పుకోలేదు. తర్వాత్తర్వాత ఆ బండి తోసేది ఆవిడే అయ్యారు. షిప్ కాస్త ఊగినప్పుడు పట్టుకోవడానికి బాగుందన్నారు కూడా. మీ అమ్మగారికి ముందే చెప్పండి, తేలిక స్ట్రోలర్ హ్యాండిల్ మీద బరువు వేస్తే అది వెనక్కి తిరగబడుతుంది. పట్టుకోవడానికి కారిడార్ పొడవునా రెయిలింగ్ ఉంటుంది.

డిన్నర్‌కి వెళ్లే ముందే పాపకి పెట్టేసి నైట్‌డ్రెస్ వేసేయండి. బఫేలో తెల్లన్నం, ప్లెయిన్ పెరుగు దాదాపు రోజూ దొరుకుతాయి కాబట్టి పెరుగన్నానికి లోటుండదు. స్ట్రోలర్‌లో వాల్చి రెండు రౌండ్లు తిప్పితే నిద్రపోతుంది, మీరు వెళ్లి తినొచ్చు. ఏసీ బాగా చల్లగా ఉంటుంది, దుప్పటి మర్చిపోవద్దు. వెలుతురు పడకుండా సీటు మొత్తాన్ని చున్నీతో కప్పేసేవాళ్లుంటారు. అలా చేయకండి, లోపల గాలి ఆడదు. పైన ఉన్న హుడ్ దించితే చాలు.

ఇక వెడల్పు. అడ్డం వచ్చేది ఇక్కడే. చాలా షిప్‌లలో మామూలు రూమ్ తలుపు 22, 23 అంగుళాలే ఉంటుంది. మన వాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించే అప్పాబేబీ విస్టా అనే స్ట్రోలర్ వెడల్పు 25 అంగుళాలు దాటుతుంది. అంటే ప్రతిసారీ నిద్రపోతున్న పాపని తీసి, స్ట్రోలర్ మడిచి, లోపలికి తేవాలి. ఇంత శ్రమా ఆ నిద్ర చెడగొట్టడానికేనా? బేబీజెన్ యోయో లాంటివి 44 సెంటీమీటర్లు, అంటే పదిహేడు అంగుళాల చిల్లర. పాపతో సహా నేరుగా లోపలికి వెళ్లిపోతాయి. ఆ బ్రాండే కొనమని కాదు, అది ఖరీదైనదే. నలభై యాభై డాలర్ల స్ట్రోలరైనా సీటు వాలితే చాలు. టేపు పెట్టి వెనక చక్రాల దగ్గర కొలవండి, ఎక్కువ వెడల్పు అక్కడే ఉంటుంది.

కారిడార్‌లో వదిలేద్దాం అనుకోకండి. ఒప్పుకోరు, అది న్యాయమే. పొగ కమ్ముకుంటే వందలమంది ఆ సన్నటి దారిలోనే బయటికి రావాలి. వీల్‌చెయిర్లు, క్లీనింగ్ ట్రాలీలు కూడా అందులోంచే వెళ్తాయి. వెడల్పు తలుపు కోసం యాక్సెసిబుల్ రూమ్ బుక్ చేసుకోమని సలహా ఇచ్చేవాళ్లు కూడా నాకు తగిలారు. వాటి తలుపులు 32 అంగుళాలుంటాయి నిజమే, కానీ ఆ రూమ్‌లు షిప్‌కి కొన్నే ఉంటాయి. వీల్‌చెయిర్ వాడేవాళ్లకి అది తప్ప దారి లేదు. దయచేసి ఆ పని చేయకండి.

రూమ్‌లో జాగా గురించి మీ భయం సరైనదే. సోఫా మంచంగా మార్చి, పాపకి తొట్టి అడిగితే (ముందే రిక్వెస్ట్ పెట్టండి) నడిచే దారి కూడా మిగలదు. సూట్‌కేసులు ఖాళీ చేసి మంచం కింద తోస్తే బట్టల అల్మారా పక్కన మడిచిన స్ట్రోలర్‌కి చోటు వస్తుంది. బాల్కనీలో మాత్రం పెట్టకండి, గాలికి అది ఎటు కొట్టుకుపోతుందో తెలియదు. బయటి డెక్ మీద కూడా ఆగిన ప్రతిసారీ బ్రేక్ వేయండి. అక్కడి తలుపుల గడపలు కాస్త ఎత్తుగా ఉంటాయి, ముందు చక్రాలు ఎత్తి దాటించాలి.

ఎక్కే రోజున సూట్‌కేసులు పోర్టర్‌కి ఇచ్చేస్తారు కదా, స్ట్రోలర్‌ని వాటితో పంపేయకండి. సామాను రూమ్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు. రూమ్‌లు తెరిచేది కూడా సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంట తర్వాతే. చెక్-ఇన్ లైను, బఫే హడావిడి, డైపర్ బ్యాగు, పాప నిద్ర వేళ అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే వచ్చి పడతాయి. దిగే రోజు పొద్దున కూడా అంతే.

రేవుల దగ్గర సంగతి వేరు. కోజుమెల్, కోస్టా మాయా, రోటాన్ మూడు చోట్లా పెద్ద షిప్‌లు ఆగే రేవులున్నాయి, నేరుగా తోసుకుంటూ దిగిపోవచ్చు. కోస్టా మాయా రేవు చాలా పొడుగు, ఎండలో పాప చేత నడిపించాలనుకోకండి. మీ రూట్‌లో గ్రాండ్ కేమన్ ఉంటే మాత్రం షిప్ దూరంగా ఆగుతుంది, చిన్న పడవలో ఒడ్డుకి తీసుకెళ్తారు. అందులో స్ట్రోలర్ మడిచి చేత్తో పట్టుకోవాలి, అందుకే తేలికది ఉండాలంటున్నాను. తిరిగి షిప్ ఎక్కేటప్పుడు సెక్యూరిటీ దగ్గర పాపని దింపి స్ట్రోలర్ కింది బుట్ట ఖాళీ చేయమంటారు, అందులో మరీ ఎక్కువ సామాను కుక్కకండి.

బీచ్‌కి వెళ్తే దాన్ని షిప్‌లోనే వదిలేయండి. చిన్న చక్రాలు ఇసుకలో కదలవు. చాక్చోబెన్ లాంటి మాయా నాగరికత శిథిలాలకి వెళ్లినా అంతే, మట్టి దారులు, రాతి మెట్లు. అక్కడ బేబీ క్యారియరే (పాపని ఒంటికి కట్టుకుని మోసే పట్టీల సంచి) దిక్కు. టాక్సీల్లో కారు సీటు ఉంటుందని ఆశపెట్టుకోకండి. స్ట్రోలర్ దానికి బదులు కాదు. పాపతో టాక్సీలో దూరం తిరగడం కంటే రేవుకి దగ్గరగా ఉన్నవి చూసుకోవడమే నయం.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. ఏడాది లోపు బిడ్డయితే నేను క్యారియర్‌కే ఓటేస్తాను (చాలా కంపెనీలు ఆరు నెలలు నిండందే ఎక్కించుకోవు). నాలుగు దాటిన పిల్లలకి స్ట్రోలర్ అక్కర్లేదు. కవలలుంటే పక్కపక్కన కూర్చోబెట్టే డబుల్ స్ట్రోలర్ ఆ తలుపుల్లో పట్టదు, రెండు సింగిల్స్ తీసుకోండి.

పెద్ద స్ట్రోలర్‌ని ఇంట్లోనే వదిలేయండి, కారులో జాగా దండగ. చిన్నది కొత్తగా కొనే ముందు స్నేహితులని అడగండి, ఈ వయసు పిల్లలున్న ఇళ్లలో గరాజ్‌లో ఒకటి పడి ఉంటుంది. హ్యాండిల్‌కి ఏదైనా రంగు రిబ్బన్ కట్టండి. థియేటర్లో స్ట్రోలర్లన్నీ ఒక మూల పెట్టిస్తారు, చీకట్లో అన్నీ నల్లగా ఒకేలా కనిపిస్తాయి.