సంతకం పెట్టే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చదివాను, రాత్రి పడుకునే ముందు మళ్లీ చదివాను. ఇద్దరే ఇద్దరు నడుపుతున్న ఒక చిన్న కామిక్స్ సంస్థ నీ కథ వేస్తామని ముందుకొచ్చిందని, బొమ్మలు వేసే నీ స్నేహితురాలికి ఆ రోజు కాలు నిలవలేదని రాశావు. నాకూ అంత సంతోషమూ కలిగింది. చివర్లో ఒక ప్రశ్న అడిగావు: "వాళ్లు రేపు మూసేస్తే మా పుస్తకం ఏమవుతుంది?" నీ వయసులో నాకు ఆ ప్రశ్న తట్టలేదు. తట్టి ఉంటే నా మొదటి కథకు చివరి అధ్యాయం ఉండేది.

నా మొదటి కామిక్ వేసిందీ అలాంటి సంస్థే. ఒక గది, రెండు బల్లలు, ఒక కంప్యూటర్. యజమాని రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేవాడు. "ఆరో పేజీలో మూడో ప్యానెల్ చూడండి, మాటల బెలూన్ ఆమె కళ్లకు అడ్డం వస్తోంది, రెండు మాటలు తగ్గించగలరా?" అని అడిగేవాడు. నా పేజీని అంత శ్రద్ధగా చూసిన మనిషి ఆ తర్వాత ఇన్నేళ్లలో మళ్లీ దొరకలేదు. మొదటి సంచిక అయిపోయి రెండోసారి అచ్చు వేశారు. ఏడాది తిరిగేసరికి మాది కాక ఇంకో ఆరు కథలు మొదలుపెట్టారు. సంస్థ నిలదొక్కుకుందని అందరం పండగ చేసుకున్నాం.

ఐదో సంచిక బొమ్మలు ఇచ్చాక ఫోన్లు ఆగిపోయాయి. నాలుగు నెలలు ఉలుకూ పలుకూ లేదు. గోడౌన్ ఖాళీ చేస్తున్నారని ఎవరో చెబితే మా ఆర్టిస్టూ నేనూ వెళ్లాం. అట్టపెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. ఒక పెట్టె టేపు చింపి చూస్తే అన్నీ మా నాలుగో సంచికలే. చెమ్మకి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, విడదీస్తుంటే ఒక కాపీ అట్ట మీది ఎరుపు ఇంకో కాపీ వెనక అట్టకు అంటుకుని వచ్చింది. కింద ఒక కవర్లో ఐదో సంచిక పదిహేడో పేజీ ఒరిజినల్ ఉంది. దాని మీద ట్రేసింగ్ కాగితం, ఆ కాగితం మీద నా చేతిరాతతో సంభాషణలు. మిగతా పేజీలు దొరకలేదు.

మా ఒప్పందం ఒకే ఒక్క కాగితం. సంస్థ ఆగిపోతే హక్కులు ఎవరివో అందులో ఒక్క ముక్క లేదు. హక్కులు వెనక్కి వచ్చినట్టు రాతపూర్వకంగా తేలడానికి ఆరేళ్లు పట్టింది. అప్పటికి మా ఆర్టిస్టు చేయి మారిపోయింది. పాత గీత కోసం చాలా ప్రయత్నించింది, రాలేదు. "ఇది అదే అమ్మాయి ముఖం కాదు" అని తనే పేజీ పక్కన పెట్టేసింది. ఆ కథ అక్కడే ఆగిపోయింది.

ఆ యజమాని మీద చాలాకాలం కోపం ఉండేది. కామిక్స్ వ్యాపారం గురించి చదివాక ఆ కోపం చాలావరకు పోయింది. ఎందుకు పోయిందో నీకూ తెలియాలి, ఎందుకంటే నీతో మాట్లాడుతున్న ఆ ఇద్దరూ అదే దారిలో నడవబోతున్నారు.

అమెరికాలో ఒకప్పుడు కామిక్స్ మామూలు పత్రికల్లాగే అమ్ముడయ్యేవి. దుకాణాలు మిగిలినవి వెనక్కి ఇచ్చేసేవి. ఆ వాపసుల భారం మోయగల పెద్ద సంస్థలే బతికాయి. 1970ల మొదట్లో ఫిల్ స్యూలింగ్ అనే ఆయన కొత్త పద్ధతి తెచ్చాడు. కామిక్స్ మాత్రమే అమ్మే దుకాణాలకు నేరుగా సరుకు, ఎక్కువ కమీషన్, కానీ వాపసు లేదు. ఎన్ని అమ్ముడవుతాయో ముందే తెలిసిపోతుంది కాబట్టి చేతిలో పెద్దగా డబ్బు లేనివాళ్లు కూడా పుస్తకం వేయగలిగారు. 1984లో కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లేయర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్లు నింజా తాబేళ్ల కథను సుమారు 3,000 కాపీలతో మొదలుపెట్టగలిగారంటే ఆ దారి వల్లనే.

ఆ దారిలోనే గొయ్యి కూడా ఉంది. తాబేళ్ల మొదటి సంచిక ధర ఆకాశాన్ని అంటగానే, నలుపు తెలుపు కామిక్ ఏది కనిపించినా దుకాణదారులు కట్టలకు కట్టలు తెప్పించారు. అనుకరణలు వచ్చిపడ్డాయి. 1986, 87 నాటికి కొనేవాళ్లు లేరు, వెనక్కి ఇచ్చే వీలు లేదు. దుకాణం దగ్గర ఇరుక్కున్న డబ్బు, దుకాణాలకు సరుకు పంపే డిస్ట్రిబ్యూటర్‌కు రాదు, అక్కడ రానిది పబ్లిషర్‌కు రాదు, అక్కడ రానిది చివరికి నీలాంటి రచయితకు రాదు. ఎక్కడో ఎవరో చెత్త పుస్తకం ఎక్కువగా కొన్నందుకు ఇక్కడ మంచి పుస్తకం ఆగిపోతుంది.

మామూలు రోజుల్లో కూడా లెక్క కష్టంగానే ఉంటుంది. పుస్తకం రావడానికి రెండు మూడు నెలల ముందు కేటలాగులో వేస్తారు, ఆర్డర్లు వస్తాయి, వాటిని బట్టి ప్రింటింగ్. ప్రింటర్‌కు ఇప్పుడు కట్టాలి, డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి డబ్బు తర్వాత వస్తుంది. ఒక్క కథ వేస్తున్నప్పుడు ఆ మధ్య ఖాళీని జీతం డబ్బులతోనో, ఇంట్లోవాళ్ల దగ్గర తెచ్చిన అప్పుతోనో నెట్టుకొస్తారు. ఏడు కథలైతే ఖాళీ ఏడింతలు. పైగా ఏ సీరీస్‌కైనా మొదటి సంచికకే ఆర్డర్లు ఎక్కువ. పది తెప్పించి ఆరు అమ్మిన దుకాణదారు తర్వాతిసారి ఆరే అడుగుతాడు. ఏడు కథలకీ ఒకేసారి ఆర్డర్లు తగ్గడం మొదలైతే ఏ మనిషికి నిద్ర పడుతుంది? మా యజమాని ఫోన్లు ఎందుకు ఆగిపోయాయో నాకు అప్పుడు అర్థమైంది. మేము పండగ చేసుకున్న ఆ ఏడాదే ఆయన మునగడం మొదలైంది.

ఇప్పుడు రెండు కథలు ఎలా నడిచాయో చెబుతాను. నీ ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది.

మొదటిది గ్రూ. సెర్జియో అరగోనెస్ సృష్టించిన మందబుద్ధి కత్తివీరుడు. హక్కులు వదులుకుంటే తప్ప పెద్ద సంస్థలు వేయని రోజుల్లో ఆయన దాన్ని ఎవరికీ అమ్మకుండా దగ్గరే పెట్టుకున్నాడు. 1982లో పసిఫిక్ కామిక్స్ వాళ్లు, హక్కులు నీవే అన్నారు. అప్పుడు సీరీస్ మొదలైంది. పసిఫిక్‌ది ఇద్దరు అన్నదమ్ముల సంస్థ. పోస్టులో కామిక్స్ అమ్ముకునే స్థితి నుంచి జాక్ కర్బీ లాంటి మహా చిత్రకారుడి కొత్త కథ వేసే స్థాయికి ఎదిగి, 1984లో మూతపడింది. గ్రూ మాత్రం ఆగలేదు. ఒక ప్రత్యేక సంచిక ఎక్లిప్స్ అనే సంస్థలో వచ్చింది, తర్వాత మార్వెల్ వాళ్ల ఎపిక్ విభాగంలో 120 సంచికలు, ఆపైన ఇమేజ్, ఆపైన డార్క్ హార్స్. పబ్లిషర్లు మారుతూ ఉంటే ఆ వీరుడు మూటాముల్లె సర్దుకుని ఇల్లు మారినట్టు మారాడు.

రెండోది మిరాకిల్‌మ్యాన్. 1954లో బ్రిటన్‌లో మిక్ ఆంగ్లో సృష్టించిన మార్వెల్‌మ్యాన్‌నే 1980ల్లో కొత్తగా రాశారు, 1985 నుంచి మిరాకిల్‌మ్యాన్ అనే పేరుతో ఎక్లిప్స్ వేసింది. ఎక్లిప్స్ అంటే నాకు ఈనాటికీ గౌరవం. డీన్, జాన్ ములేనీ అన్నదమ్ములు మొదలుపెట్టి, 1978లోనే కామిక్స్ దుకాణాల కోసం గ్రాఫిక్ నవల వేశారు. హక్కులు రచయితలకు వదిలేశారు, రాయల్టీ ఇచ్చారు. 1986 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో నది పొంగి వాళ్ల పాత సంచికల నిల్వ మునిగిపోయింది. పాత సంచికలంటే చిన్న పబ్లిషర్‌కు దాచుకున్న డబ్బు లాంటివి. అయినా ఇంకో ఏడెనిమిదేళ్లు లాక్కొచ్చారు. మిరాకిల్‌మ్యాన్ 24వ సంచిక 1993లో వచ్చింది, 25వది రాలేదు. 1995లో దివాలా. ఎక్లిప్స్ ఆస్తులు వేలానికొస్తే 1996లో మరొకరు కొనుక్కున్నారు. ఆ కొన్న దాంట్లో ఈ పాత్ర ఉందా లేదా అన్న గొడవ ఏళ్ల తరబడి నలిగింది. 2009లో మార్వెల్ నేరుగా మిక్ ఆంగ్లో దగ్గర హక్కులు కొంది. ఆగిన కథ ముందుకు సాగింది 2022లో. ఇరవై తొమ్మిదేళ్లు! ఆ మధ్యలో పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని పెంచి, చివరేమైందో తెలియకుండానే పోయిన పాఠకులు ఎందరుంటారో తలుచుకుంటే నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

నిజం చెప్పాలంటే మిరాకిల్‌మ్యాన్ చిక్కు దివాలాతో మొదలవలేదు. ఆ పాత్ర ఎవరిదన్నది అంతకుముందే స్పష్టంగా లేదు. సంస్థ నడుస్తున్నన్నాళ్లు అది ఎవరికీ పట్టలేదు, మూతపడ్డాక ముడి బిగిసింది. నీ దగ్గర కూడా అలాంటి ముడి ఒకటి ఉందేమో చూసుకో. నువ్వూ నీ స్నేహితురాలూ మీ ఇద్దరి మధ్య ఏమైనా రాసుకున్నారా? లేదని నాకు గట్టి అనుమానం. పబ్లిషర్‌తో సంతకం కంటే ముందు అది కావాలి. కథ ఎవరిది, బొమ్మలు ఎవరివి, ఒకరు తప్పుకుంటే రెండోవాళ్లు ఇంకొకరితో కొనసాగించవచ్చా, డబ్బు ఎలా పంచుకుంటారు. ప్రేమగా ఉన్నప్పుడే రాసుకోండి, పది నిమిషాల పని.

ఇక పబ్లిషర్‌తో ఒప్పందం. హక్కులు అమ్మకు, అచ్చువేసుకునే అనుమతి మాత్రమే ఇవ్వు. అదీ ఇన్నేళ్లకు, ఈ భాషలో, ఈ రూపంలో అని గడువు పెట్టి ఇవ్వు. సినిమా, బొమ్మలు, ఆటలు అందులో కలవనీయకు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు. రేపు ఆ కాగితం వాళ్ల అప్పులవాళ్ల చేతిలో పడితే ఆ మంచితనం దాంతోపాటు వెళ్లదు.

హక్కులు తిరిగివచ్చే షరతు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. "సంస్థ దివాలా తీస్తే హక్కులు రచయితకు" అని రాసి ధైర్యంగా ఉంటారు. అమెరికా దివాలా చట్టం కింద అలాంటి షరతు చాలాసార్లు నిలబడదు. కోర్టుకు వెళ్లేసరికి ఆలస్యం కూడా అయిపోతుంది. అందుకని అంతకంటే ముందే కనిపించే గుర్తులకు ముడిపెట్టు: రాయల్టీ లెక్క ఇన్ని నెలలు రాకపోతే, పుస్తకం ఇన్ని నెలలు అచ్చులో లేకపోతే, ఒప్పుకున్న సంచిక ఇన్ని నెలల్లో వేయకపోతే, నువ్వు ఒక నోటీసు ఇస్తే చాలు, హక్కులు తిరిగి మీవి. నెలల అంకె వాళ్లతో కూర్చుని మాట్లాడి తేల్చుకో. లాయర్‌కు ఒకసారి చూపించు, ఆ ఖర్చుకు వెనకాడకు.

మిగిలిన కాపీలు మీకు తక్కువ ధరకు కొనుక్కునే హక్కు, అచ్చుకు సిద్ధమైన ఫైళ్లు మీ దగ్గర కూడా ఉండాలన్న మాట, ఒరిజినల్ పేజీలు స్కాన్ అవగానే ఆర్టిస్టుకు తిరిగి ఇవ్వాలన్న మాట, ఈ మూడూ రాయించు. పదిహేడో పేజీ నా గోడ మీద ఫ్రేములో ఉంది. మిగతావి ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలియదు.

గోడౌన్లో ఉన్న సరుకు విషయంలో పబ్లిషర్లకే దిక్కు తోచని రోజులివి. 1996లో క్యాపిటల్ సిటీ అనే పోటీ పంపిణీ సంస్థను కొన్నాక అమెరికాలో కామిక్స్ దుకాణాలకు పంపిణీ దాదాపు అంతా డైమండ్ అనే ఒక్క సంస్థ చేతిలోకి వెళ్లింది. ఆ డైమండ్ 2025 జనవరిలో దివాలా రక్షణ కోరింది. అమ్మిపెట్టమని అక్కడ ఉంచిన తమ పుస్తకాల కోసమే ఎందరో పబ్లిషర్లు కోర్టులో పోరాడాల్సి వచ్చింది. అందుకే ఆ ఇద్దరినీ అడుగు: ఎవరి ద్వారా పంపుతున్నారు, ఒక్కరి ద్వారానేనా, ఎన్ని కాపీలు వేస్తున్నారు, ఈ ఏడాది మొత్తం ఎన్ని పుస్తకాలు. అడిగితే నొచ్చుకుంటారేమో అని టెన్షన్ పడకు. నిజంగా పుస్తకాల కోసం బతికేవాళ్లు ఆ ప్రశ్నలకు కుర్చీ లాక్కుని కూర్చుని జవాబిస్తారు.

డబ్బు బాగా ఉన్నవాళ్ల కోసం ఆగమని కూడా నేను చెప్పను. తాబేళ్లతో వచ్చిన సంపదతో ఈస్ట్‌మన్ 1990లో టండ్రా పెట్టి, కళాకారులకు చేతినిండా అడ్వాన్సులిచ్చాడు. 1993లో అది మూతపడింది, కోటి డాలర్లకు పైగా పోయాయి. ఇంకోవైపు టొరంటోలో ఆనీ కొయామా 2007లో మొదలుపెట్టిన చిన్న సంస్థ ఉంది. తాను ఆపబోతున్నానని 2018లోనే అందరికీ చెప్పి, ఒప్పుకున్న పుస్తకాలు వేసి, 2021లో తలుపు మూసింది. ఆవిడ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ నాలుగు నెలల మౌనమే గుర్తొస్తుంది. "నా వల్ల కావడం లేదు" అని మా యజమాని ఒక్క ఫోన్ చేసి ఉంటే మేమే వెళ్లి ఆ పెట్టెలు మోసేవాళ్లం.

కాబట్టి అమ్మా, వాళ్లకే ఇవ్వు. నీ కథ నెమ్మదిగా నడిచే కథ. మాటల బెలూన్ ఎక్కడుండాలో రాత్రి పదకొండింటికి ఆలోచించే మనుషులే దాన్ని సరిగ్గా వేయగలరు. ఒక్కటి మాత్రం మార్చు. పన్నెండు సంచికలని అనుకున్నావు కదా, నాలుగేసి చొప్పున మూడు భాగాలు చెయ్యి. నాలుగో సంచిక దగ్గర ఆ తల్లీకూతుళ్ల గొడవ ఒక కొలిక్కి రావాలి. అక్కడ ఆగాల్సి వచ్చినా పాఠకుడి చేతిలో ఒక పూర్తి కథ ఉంటుంది.

ఒప్పందం కాగితాలు రాగానే నాకు పంపు, అప్పటిదాకా సంతకం పెట్టకు. మూడో సంచిక పేజీలు కూడా పంపు. ఆ మెట్ల మీద కూతురు ఒంటరిగా కూర్చున్న పేజీలో మాటలన్నీ తీసేసి చూడాలని నాకు ఉంది. నీ స్నేహితురాలిని అడుగు, తను ఒప్పుకుంటుందనే అనుకుంటున్నాను.