ఎవర్ని గుద్దాలన్నది కాదు, ఎంత స్పీడులో దిగాలన్నదే అసలు నిర్ణయం

ప్రశ్న: కొరాపుట్ నుంచి సాలూరు దిగుతుంటే సుంకి ఘాట్లో మలుపు తిరగ్గానే ఎదురుగా మనిషి, పక్కన లోయ. డ్రైవర్ లేని కారైతే ఎవర్ని చంపుతుంది? రోడ్డు మీదవాణ్ణా, లోపలున్నవాణ్ణా?

జవాబు: కారు ముందు అలాంటి తక్కెడేం ఉండదండీ. మామూలుగా తన లేన్‌లోనే ఉండి గట్టిగా బ్రేకు వేస్తుంది. టైరుకున్న పట్టునే బ్రేకూ స్టీరింగూ పంచుకోవాలి. వానలో రెండూ ఒకేసారి లాగితే రెండూ చేజారొచ్చు.

అసలు లెక్క మలుపుకి ముందుంది. తడి రోడ్డు, దిగుడు. బ్రేకు పడ్డాక ప్రతి సెకనుకీ స్పీడు గంటకి 12 కి.మీ. చొప్పున తగ్గుతుందనుకోండి. కారు తేరుకోవడానికి అర సెకను. మలుపు అవతల మనిషి 25 మీటర్ల దూరంలో ఉన్నాడు. గంటకి 40 కి.మీ.లో వస్తే 24 మీటర్లకి ఆగుతుంది. 60లో వస్తే ఆగడానికి 50 మీటర్లు కావాలి, అంటే 46 స్పీడుతో మనిషిని కొడుతుంది. ఆ మలుపులో 60 పోవచ్చని కారు ప్రోగ్రాంలో ఒప్పుకున్నవాడే చావుబతుకుల నిర్ణయం చేసేశాడు, అదీ ఆఫీసులో కూర్చుని.

రెండో నిర్ణయం, ఎదురున్నదేమిటో కారుకి అనుమానంగా ఉన్నప్పుడు ఏం చెయ్యాలన్నది. 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళని తనంతట తాను నడిచే ఉబర్ టెస్ట్ కారు (వోల్వో) గుద్ది చంపింది. 5.6 సెకన్ల ముందే ఆమె సెన్సర్లకి చిక్కింది. కానీ సిస్టం ఓసారి బండి అంది, ఓసారి మరేదో అంది, ఓసారి సైకిల్ అంది. పేరు మారినప్పుడల్లా పాత కదలికని వదిలేసి ఎటు పోతోందో మళ్ళీ మొదట్నుంచి అంచనా కట్టింది. జీబ్రా క్రాసింగ్ లేనిచోట మనిషి దాటతాడన్న ఊహే దానికి లేదు. చివర్లో ప్రమాదం గుర్తించాక కూడా, ఉత్తుత్తి బ్రేకులు పడకూడదని పెట్టిన ఒక సెకను ఆలస్యం అడ్డొచ్చింది. వోల్వో సొంత ఆటో బ్రేకునీ ఆపేసి ఉంచారు. మన బరంపురం హైవే మీద జీబ్రా చూసి దాటేవాళ్ళెంతమంది?

తప్పనిసరైతే కారు ఎవర్ని కాపాడాలి, ముసలివాళ్ళనా పిల్లల్నా అని అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో అడిగితే సుమారు 4 కోట్ల జవాబులొచ్చాయి. అది జనాభిప్రాయం, అంతే. వయసు, ఆడామగా చూసి ఎంచకూడదని డ్రైవర్ లేని కార్ల మీద వేసిన జర్మనీ నీతి కమిషన్ 2017లోనే తేల్చింది. నా ఓటు దానికే.

ఇప్పుడు మనకి దొరికే అడాస్ (డ్రైవర్‌కి సాయపడే సిస్టం) కార్లలో స్టీరింగ్ బాధ్యత మీదే. రోడ్డు మీద చోళ్ళూ గడ్డీ ఆరబోస్తే లేన్ గీత కనపడదు, కారుని గీతల మధ్య ఉంచే లేన్ అసిస్ట్ చేతులెత్తేస్తుంది. ఆవూ మేకా వస్తే ఆటో బ్రేకు పనిచేస్తుందో లేదో మాన్యువల్లో చూడండి, చాలావాటిలో హామీ లేదు. ఘాట్ దిగే ముందు స్పీడుని తనే నిలిపే క్రూయిజ్ కంట్రోల్ ఆపి గేరు తగ్గించండి. అద్దం వెనక కెమెరా ఉన్నచోట గాజు, బంపర్‌లో రాడార్ ముందున్న బురద తుడవండి. పొగమంచులో వాటిని నమ్మకండి, 20 దాటకండి.