మనసు నలిగినవారికి తోడుండబోయే అమ్మాయికి

చిట్టితల్లీ,

మానసిక వ్యాధులతో బాధపడేవారికి తోడుగా మీ విచారణలో, అంటే మీ చర్చి పరిధిలో, ఒక బృందం మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

విన్నది బయట చెప్పకు. ప్రార్థన చేస్తున్నాం కదా అని మందులు ఆపమనేవారి మాట సాగనివ్వకు. చనిపోవాలనుందని ఎవరైనా అంటే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లు. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరు. నేను నర్సుగా పనిచేసే రోజుల్లో మా విచారణలో ఒక యువతి రోజూ పాపసంకీర్తనానికి, అంటే చర్చి గురువు (ఫాదర్) ముందు పాపాలు ఒప్పుకోవడానికి, వచ్చేది. చెప్పిన పాపమే మళ్లీ చెప్పేది. సరిగ్గా చెప్పలేదేమో, పశ్చాత్తాపం చాలలేదేమో అని వణికిపోయేది. పూజలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) అందుకోవడానికి లేచి, సగం దూరం నడిచి వెనక్కి తిరిగేది. ఎంత భక్తో అని అందరూ మెచ్చుకున్నారు. గురువులు జాలిపడి ప్రతిసారీ విన్నారు. ఆ ఊరట గంటసేపైనా నిలిచేది కాదు, అనుమానం మరింత బలంగా వచ్చేది. వాళ్ల దయే జబ్బుకు మేత అయింది. పిల్ల చిక్కి సగమయ్యాక గాని వైద్యుడిని చూపించలేదు. అది ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలు వచ్చి అవే పనులు మళ్లీమళ్లీ చేయించే జబ్బులో, ఒక రకం. అనుమానం తొలిచినా సంకీర్తనానికి పరుగెత్తకుండా ఓర్చుకోవడం నేర్పడమే చికిత్సలో ముఖ్యం, కొందరికి మందులూ కావాలి. 1522లో స్పెయిన్‌లోని మన్రేసా పట్టణం చేరిన, తర్వాత యేసుసభను స్థాపించిన పునీతుడు లొయోలా ఇగ్నేషియస్‌ను ఇదే బాధ ప్రాణం తీసుకోవాలనేంత దాకా తెచ్చింది. పాత పాపాలు ఇక చెప్పకూడదని నిశ్చయించుకున్నాకే ఆయన తేరుకున్నారు.

అలాంటివారికి ఒక్క గురువే ఉండేలా చూడు. సంకీర్తనంలో విన్నది ఆయన వైద్యుడికి కూడా చెప్పరాదు. అందుకే వైద్యుడి సలహాను రోగి చేతనే ఆయనకు చెప్పించు.

ఆత్మహత్య జరిగిన ఇంట్లో నరకం మాట ఎత్తేవారిని బయటకు పంపించు. 1917 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం తెలిసి ప్రాణం తీసుకున్నవారికి క్రైస్తవ ఖననం నిరాకరించింది, 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. తీవ్ర మానసిక వేదన బాధ్యతను తగ్గిస్తుందనీ, వారి రక్షణ గురించి నిరాశపడవద్దనీ శ్రీసభ బోధనల గ్రంథమైన సత్యోపదేశమే చెబుతోంది. ఆ తల్లిదండ్రులకు ఈ మాట నీ నోట వినిపించు.

ఇక నీ సంగతి. చిన్నప్పుడు జ్వరం దాచుకుని గాయకబృందంలో నిలబడేదానివి. ఇప్పుడా పని చేశావంటే ఒప్పుకోను. పోప్ ఫ్రాన్సిస్ తన 42వ ఏట ఆరు నెలలపాటు మనోవిశ్లేషకురాలి దగ్గరకు వెళ్లానని స్వయంగా చెప్పారు. బరువనిపిస్తే నువ్వూ వెళ్లు తల్లీ, ఖర్చు నేను చూసుకుంటాను.

మొదటి సమావేశానికి ముందే మీ విచారణ గురువులతో ఆ సంకీర్తనం సంగతి మాట్లాడు. ఆయన ఏమన్నారో నాకు రాయి.

మీ అత్తయ్య