టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ ఎక్కువైనట్టు కాదు

థైరాక్సిన్ మాత్ర మోతాదు పెంచినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను) దిగలేదని రాశారు. మీ చిక్కంతా టీఎస్‌హెచ్‌ను థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోనుగా భావించడంలోనే ఉంది. అది మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి వెలువడి థైరాయిడ్‌కు చేరే ఆదేశం. రక్తంలో థైరాయిడ్ గ్రంథి స్రవించే హార్మోను థైరాక్సిన్ (టీ4) తగ్గితే ఆ ఆదేశం పెరుగుతుంది, సరిపడా చేరితే తగ్గుతుంది.

మోతాదు పెంచిన 10 రోజులకే పరీక్ష చేయించి, టీ4 సరిగానే ఉన్నా టీఎస్‌హెచ్ ఎందుకు దిగలేదని అడిగారు. చాలామంది పొరబడేది ఇక్కడే. థైరాక్సిన్ అర్ధాయువు (రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గే కాలం) సుమారు 7 రోజులు కనుక రక్తంలో దాని స్థాయి నిలకడకు రావడానికే నాలుగైదు వారాలు పడుతుంది, పీయూష గ్రంథి అంతకన్నా నిదానంగా సర్దుకుంటుంది. ఆలోగా వచ్చిన అంకెను చూసి మాత్రను మళ్ళీ పెంచుకుంటే గుండెదడ మిగులుతుంది.

1. మోతాదు మారిన 6 నుంచి 8 వారాల తర్వాతే పరీక్ష చేయించండి. గర్భిణులు మాత్రం అంతకాలం ఆగకూడదు, వైద్యుల సూచన ప్రకారం ముందే చేయించుకోవాలి.
2. మాత్రను పరగడుపున, ఆహారానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, నీటితోనే వేసుకోండి. కాఫీతో వద్దు.
3. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య 4 గంటల ఎడం ఉంచండి.
4. జుట్టు కోసం బయోటిన్ (ఒక బి విటమిన్) వాడుతుంటే పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపండి; కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది.

ఇవన్నీ పాటించాక కూడా టీఎస్‌హెచ్ దిగకపోతే మోతాదు మార్పు గురించి వైద్యులతో మాట్లాడండి.