కారు అందం చెడుతుందని ముందు నంబర్ ప్లేటు పీకేయవచ్చా?

ప్రశ్న: అట్లాంటాలో చాలా ఏళ్ళు ఉండి ఈ మధ్యే హైదరాబాద్ వచ్చేశాను. బెంగళూరులో ఒకరి దగ్గర 2018 మోడల్ పోర్షే 718 కేమన్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కర్ణాటక నంబరే ఇంకా ఉంది. పాత ఓనర్ ముందు ప్లేటు, దాని బ్రాకెట్ రెండూ తీసేసి, బంపర్ నున్నగా పెయింట్ చేయించాడు. జార్జియాలో వెనక ప్లేటు ఒక్కటే ఉంటుంది కాబట్టి నాకూ అది తప్పనిపించలేదు. మొన్న గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపి చలానా రాశారు. ముందు ప్లేటు నిజంగా తప్పనిసరా? స్టిక్కర్ అంటిస్తే సరిపోతుందా? టో హుక్‌కి బిగించే బ్రాకెట్ వాడవచ్చా? బంపర్‌కి రంధ్రాలు వేయిస్తే అది ‘మాడిఫికేషన్’ అయి ఇంకో కేసు అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. వేసిన చలానాను కోర్టులో సవాలు చేయవచ్చా?
– ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: తప్పనిసరే. ఇందులో స్పోర్ట్స్ కారుకు, మారుతీ కారుకు తేడా లేదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 41(6) ప్రకారం రిజిస్టర్ చేసిన అధికారి బండికి ఒక నంబర్ కేటాయిస్తాడు. దాన్ని కేంద్ర ప్రభుత్వం చెప్పిన రూపంలో, చెప్పిన పద్ధతిలో బండి మీద ప్రదర్శించాలి. ఆ రూపం, పద్ధతి ఏమిటో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 50వ నిబంధన చెబుతుంది: ముందు, వెనక రెండు చోట్లా స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి. బంపర్ అందం, గాలి ప్రవాహం, కంపెనీ డిజైన్ లాంటి కారణాలతో మినహాయింపు ఏదీ ఇవ్వలేదు.

జార్జియా అలవాటు మీకు ఇక్కడ పనికిరాదు. ఆ మాటకొస్తే అమెరికాలో కూడా అంతటా ఒకే పద్ధతి లేదు. జార్జియా, ఫ్లోరిడాల్లో వెనక ఒక్కటే చాలు. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో రెండూ ఉండాలి. మీరు అట్లాంటా కాకుండా డాలస్‌లో ఉండి ఉంటే ఈ సందేహమే వచ్చేది కాదు.

అద్దం మీద అంటించే రిజిస్ట్రేషన్ స్టిక్కర్ ఉంది కదా, ముందు ప్లేటు ఎందుకని కొందరు వాదిస్తారు. అది హై సెక్యూరిటీ ప్లేట్లతో పాటు ఇచ్చే మూడో గుర్తు. రెండు ప్లేట్లకు అదనంగా ఉండాల్సిందే తప్ప వాటిలో దేనికీ బదులు కాదు.

ఇక కాగితం మీదో, వినైల్ మీదో నంబర్ ప్రింట్ చేయించి బంపర్‌కు అంటించడం. స్పోర్ట్స్ బైకుల వాళ్ళు మొదలుపెట్టిన ఈ పని ఇప్పుడు కార్ల దాకా వచ్చింది. ఇది చెల్లదు. నిబంధన అడిగేది ప్లేటును: 1 మిల్లీమీటరు మందం ఉన్న అల్యూమినియం రేకు, మూలలు గుండ్రంగా తిప్పి, అక్షరాలు ఉబ్బెత్తుగా అచ్చొత్తి, ఎడమవైపు పైన అశోక చక్రం ఉన్న 20 మిల్లీమీటర్ల హోలోగ్రాము, కింద లేజర్‌తో చెక్కిన సీరియల్ నంబర్, ఒకసారి బిగిస్తే విరగ్గొట్టకుండా ఊడిరాని స్నాప్ లాక్. దొంగ నంబర్లతో తిరిగే బండ్లను పట్టుకోవడానికి 2001లో ఈ ఏర్పాటును నిబంధనల్లో చేర్చారు. తర్వాత ఏళ్ళ తరబడి సుప్రీంకోర్టులో కేసులు నడిచాయి. చివరికి 2018 డిసెంబరు నోటిఫికేషన్‌తో, 2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన కొత్త బండ్లకు కంపెనీలే ఈ ప్లేట్లు ఇచ్చి పంపాలన్నారు. మీది 2018 మోడల్ కాబట్టి పాత ఓనర్ దగ్గర మామూలు ప్లేటే ఉండి ఉండవచ్చు. అలాగని ఇప్పుడు కొత్తగా చేయించేటప్పుడు రోడ్డు పక్క రేడియం షాపులో మామూలు ప్లేటు చేయించుకోకండి.

మీ కారుకు ఉపయోగపడే విషయం ఒకటుంది. కార్లకు ప్లేటు కొలత ఒక్కటే కాదు. 500 × 120 మిల్లీమీటర్ల పొడవాటిది ఒకటి, 340 × 200 మిల్లీమీటర్ల చతురస్రంలాంటిది ఇంకొకటి, రెండూ 50వ నిబంధన ఒప్పుకున్నవే. యూరప్‌లో ఎక్కువగా కనిపించే ప్లేటు 520 × 110. అందుకే యూరోపియన్ కార్ల బ్రాకెట్‌లో మన 500 × 120 ప్లేటు పొడవుకు సరిపోతుంది, ఎత్తుకు మాత్రం 10 మిల్లీమీటర్లు ఎక్కువవుతుంది. దానికి అంచు సర్దుకునే బ్రాకెట్ తీసుకోవాలి. ప్లేటును వంచడమో, అంచు కత్తిరించడమో చేయకూడదు. అక్షరాల ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అక్షరాల మధ్య ఖాళీ 10 మిల్లీమీటర్లు అని 51వ నిబంధన లెక్క కట్టి చెప్పింది. ‘చిన్న సైజులో చేసిస్తాం సార్, మీ కారుకు బాగుంటుంది’ అనే దుకాణదారుడు మీ జేబుకు చిల్లు పెడుతున్నాడని గుర్తుపెట్టుకోండి. ఖైరతాబాద్ ఆర్టీఏ వేలంలో లక్షలు పోసి 9999 నంబర్ కొనుక్కుని, ఆ తర్వాత దాన్నే బంపర్ కింద ఎవరికీ కనబడకుండా దాచుకునే వాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

టో హుక్ బ్రాకెట్ గురించి. బంపర్‌లో ఒక పక్కన చిన్న మూత ఉంటుంది, దాని వెనక కారును లాగడానికి హుక్ బిగించే మరల గుంట ఉంటుంది. అందులో రాడ్ బిగించి, దాని చివర ప్లేటు నిలబెడతారు. బంపర్‌కు ఒక్క రంధ్రం కూడా పడదు. కానీ ప్లేటు నడుమ కాకుండా ఒక పక్కకు వస్తుంది. దీనికి చట్టం అడ్డు చెబుతుందా? 50వ నిబంధనను నేను చదివినంతలో, కారు ముందు ప్లేటు నట్టనడుమే ఉండాలన్న షరతు అందులో లేదు. ముందు ఉండాలి, స్పష్టంగా కనబడాలి, చదవగలగాలి. ఈ మూడూ తీరితే పక్కకు ఉందన్న ఒక్క కారణంతో వేసిన చలానాను ఎదుర్కోవచ్చని నా అభిప్రాయం. అయితే రోడ్డు మీద నిలబడిన కానిస్టేబుల్‌కు మీరు నిబంధన చదివి వినిపించే పరిస్థితి ఉండదు. అందుకే కంపెనీ బ్రాకెట్ దొరికితే నడుమ బిగించుకోవడమే తలనొప్పి లేని పని. టో హుక్ పద్ధతే ఎంచుకుంటే రాడ్ వదులు కాకుండా చూసుకోండి. స్పీడ్ బ్రేకర్ల మీద ఊగి ఊగి ప్లేటు పక్కకు తిరిగితే, చదవడానికి వీలు కాలేదన్న తప్పు మళ్ళీ మీ మీదికే వస్తుంది.

బటన్ నొక్కితే మడతపడే ప్లేట్లు, అయస్కాంతంతో అంటుకుని రాత్రికి తీసేసేవి, ముందు అద్దం వెనక డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టేవి, పైన నల్లటి అక్రిలిక్ కవర్ వేసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. వీటి జోలికి వెళ్ళకండి. ప్లేటు లేకపోవడం నిర్లక్ష్యం అనిపించుకోవచ్చు. మడతపడే ప్లేటు పెట్టుకున్నారంటే కావాలని దాస్తున్నారని అర్థం. హైదరాబాద్‌లో కెమెరాకు చిక్కకుండా నంబర్ చెరిపిన, కప్పిన వాళ్ళ మీద పోలీసులు మోసం సెక్షన్ కింద కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. అప్పట్లో అది ఐపీసీ 420, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318. ఆ కేసు నిలబడుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ముందు స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే.

రంధ్రాలు వేయిస్తే మాడిఫికేషన్ కేసు అవుతుందేమోనన్న మీ భయానికి కారణం నాకు తెలుసు. 2019 జనవరి 9న కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఎ(4) ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ సెక్షన్ 52 ఏమంటుందో చూడండి: ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. ప్లేటు బిగించే బ్రాకెట్, దానికి నాలుగు స్క్రూలు ఆర్‌సీలోని ఏ గడినీ మార్చవు. పైగా చట్టమే పెట్టమన్న ప్లేటును పెట్టడానికి చేసే పని అది. సైలెన్సర్ మార్చడం, రంగు మార్చడం వేరు, ఇది వేరు. మీరు నిశ్చింతగా ఉండండి.

చట్టం కంటే మెకానిక్ సంగతే ఇక్కడ ఎక్కువ చూసుకోవాలి. బంపర్ ముందు భాగంలో పార్కింగ్ సెన్సర్లు, కొన్ని కార్లలో రాడార్, లోపల రేడియేటర్లు ఉంటాయి. ఎక్కడ పడితే అక్కడ డ్రిల్ పెడితే నష్టం చలానా కంటే చాలా పెద్దది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మీ మోడల్‌కు సరిపోయే బ్రాకెట్ తెప్పించుకుని, వాళ్ళ చేతనే బిగించి, జాబ్ కార్డు దగ్గర పెట్టుకోండి. రేపు వారంటీ గురించో, మాడిఫికేషన్ గురించో ఎవరైనా అడిగితే ఆ కాగితమే చూపించవచ్చు.

జరిమానా విషయానికి వస్తే, దీనికి రెండు దారులున్నాయి, పోలీసులు ఏ దారిలో వెళ్ళారో మీ చలానా చూసి తెలుసుకోవాలి. 50వ నిబంధన ఉల్లంఘనగా రాస్తే సెక్షన్ 177: మొదటిసారి 500 రూపాయల వరకు, ఆ తర్వాత 1,500 వరకు. అక్కడికక్కడ కట్టి ముగించుకునే రాజీ రుసుమును సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి మీ చలానాలో అంకె వేరుగా ఉండవచ్చు. రెండో దారి కొంచెం కారంగా ఉంటుంది. సెక్షన్ 39 బండికి రిజిస్ట్రేషన్ ఉండాలని మాత్రమే అని ఊరుకోలేదు, నిర్ణీత పద్ధతిలో నంబర్ ప్రదర్శించి ఉండాలని కూడా అంది. ఆ మాట పట్టుకుని కొందరు అధికారులు సెక్షన్ 192 రాస్తారు. అందులో మొదటిసారి 2,000 నుంచి 5,000 వరకు జరిమానా. మళ్ళీ దొరికితే ఏడాది వరకు జైలు, లేదా 5,000 నుంచి 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. సెక్షన్ 39 ఉల్లంఘన అయితే సెక్షన్ 207 కింద బండిని స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ సవ్యంగా ఉండి, వెనక ప్లేటు సరిగ్గా ఉండి, ముందుది ఒక్కటే లేనప్పుడు 192 వాడడం అతి అని నేనంటాను. కోర్టులో ఆ వాదన చేయవచ్చు. చట్టం మాటల్లో మాత్రం వాళ్ళకూ పట్టు ఉంది.

అందుకే మీకు సలహా: చలానా 177 కింద ఉంటే కట్టేయండి. ముందు ప్లేటు లేదని ఫొటోలో కనబడుతున్నప్పుడు సవాలు చేయడానికి ఏమీ మిగలదు. కొన్నప్పుడే లేదన్నది సమాధానం కాదు, రోడ్డు మీదకు తెచ్చింది మీరు. 192 కింద రాసి ఉంటే మాత్రం చలానా ప్రతి, ఆర్‌సీ, వెనక ప్లేటు ఫొటో పట్టుకుని ఒక లాయర్‌ను కలవండి. ప్రత్యేక కారణాలు నమోదు చేసి తక్కువ శిక్ష వేసే వీలు ఆ సెక్షన్‌లోనే ఉంది.

మీరు అడగని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ప్లేటు ఎప్పుడు చేయించాలన్నది దాని మీదే ఆధారపడి ఉంది. మీ కారుకు ఇంకా కర్ణాటక నంబరే ఉంది. వేరే రాష్ట్రంలో బండి పన్నెండు నెలలు దాటి ఉంచితే సెక్షన్ 47 ప్రకారం కొత్త నంబర్ తీసుకోవాలి. ఓనర్‌షిప్ మీ పేరు మీదకు మార్చడానికి సెక్షన్ 50లో కొనుగోలుదారుకు ఉన్న గడువు 30 రోజులే. బెంగళూరు ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని, ఓనర్‌షిప్ బదిలీకి ఫారం 30, కొత్త నంబరుకు ఫారం 27 ఇక్కడ కలిపి పెట్టుకోవడమే మంచిది. తెలంగాణ లైఫ్ టాక్స్ వేరే చట్టం కింద వస్తుంది, ఈ ధర ఉన్న కారుకు అది చిన్న మొత్తం కాదు, ముందే లెక్క అడిగి డబ్బు సిద్ధం చేసుకోండి. కాబట్టి బ్రాకెట్ ఇప్పుడే బిగించండి. పాత నంబరుకు ప్లేటు పాత ఓనర్ దగ్గర ఉంటే తెప్పించి తాత్కాలికంగా దానికి పెట్టండి, పోయిందంటే పోలీసులకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు ఉంచుకోండి. పోయిన ప్లేటు ఇంకో బండికి ఎక్కితే ఆ చలానాలు మీ ఇంటికే వస్తాయి. టీజీ నంబర్ రాగానే ముందు, వెనక రెండింటికీ హై సెక్యూరిటీ ప్లేట్లు బుక్ చేసుకోండి. ఇన్సూరెన్స్ పాలసీలో, ఫాస్టాగ్‌లో కూడా కొత్త నంబర్ మార్పించాలి, చాలామంది మర్చిపోయేది అదే.

ముందు ప్లేటు లేనప్పుడు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ పోతుందని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, థర్డ్ పార్టీ విషయంలో అది నిజం కాదు. బాధితుడికి డబ్బు కట్టకుండా తప్పించుకోవడానికి కంపెనీ చెప్పగల కారణాలను సెక్షన్ 150లో వరసగా రాశారు, ప్లేటు లేకపోవడం వాటిలో లేదు. మీ సొంత కారు డ్యామేజీ క్లెయిము పాలసీ షరతుల మీద నడుస్తుంది కాబట్టి, సర్వేయర్ ఫొటోలు తీసే రోజున ఆర్‌సీలో ఒక పేరు, పాలసీలో ఇంకో పేరు లేకుండా చూసుకోవడం ప్లేటు కంటే ముఖ్యం.